రెండు దుప్పట్లు, ఒక కెటిలు, పద్నాలుగేళ్ళు

మా పక్కింటావిడ వాళ్ళ అమ్మమ్మకి అమ్మమ్మ, దొంగసొత్తు ఇంట్లో పెట్టుకున్న నేరానికి లండన్ నుంచి ద్వీపాంతరం వచ్చిన మనిషి. ఆ సొత్తు ఏమిటంటే రెండు దుప్పట్లు, ఒక బొంత, ఒక రాగి కెటిలు, ఆరు చెంచాలు. శిక్ష పద్నాలుగేళ్ళు.

మేం మెల్‌బోర్న్ వచ్చి పదకొండేళ్ళయింది. ఆవిడకి డెబ్భై తొమ్మిది. నేను ఆంటీ అని పిలిస్తే మొదట్లో నవ్వేవారు, ఇప్పుడు ఆవిడే ఫోన్లో "ఆంటీని మాట్లాడుతున్నా" అంటారు. ఆవిడ పేరు గానీ, ఆ పెద్దావిడ పేరు గానీ, ఓడ పేరు గానీ ఇక్కడ రాయను. వాళ్ళింటి సంగతి రాసుకోమని ఒప్పుకున్నారు, అంతవరకు చాలు.

చిన్నప్పుడు మేం మరీ అల్లరి చేస్తే మా నాన్నమ్మ "వీళ్ళని ద్వీపాంతరం పంపెయ్యాలి" అనేది. ఆవిడ లెక్కలో ద్వీపాంతరం అంటే అండమాన్. రంప తిరుగుబాటు వాళ్ళని అక్కడికే పంపారని మనమూ చదువుకున్నాం. ఆ దొరలే తమ సొంత ఊళ్ళలోని పిల్లల తల్లుల్ని కూడా ఓడలెక్కించి భూగోళం అవతలి కొసకి తోలేశారని మాత్రం, ఇక్కడికొచ్చాకే నాకు వివరంగా తెలిసింది. 1788 నుంచి 1868 దాకా ఆస్ట్రేలియాకి అలా పంపినవాళ్ళు సుమారు 1,62,000 మంది. అందులో ఆడవాళ్ళు పాతిక వేల దాకా. ఇంచుమించు సగం మంది ఆడవాళ్ళని దించింది కింద ఉన్న దీవిలో, అప్పట్లో దాని పేరు వాన్ డీమెన్స్ ల్యాండ్. ఆ పేరు చెబితేనే ఖైదీలు గుర్తొస్తున్నారని 1856లో టాస్మేనియా అని మార్చుకున్నారు.

పేరు మార్చుకున్నది దీవి ఒక్కటే కాదు. ఇళ్ళల్లో కథలూ మార్చుకున్నారు. "మన పెద్దవాళ్ళు సొంత డబ్బుతో టిక్కెట్టు కొనుక్కుని వచ్చారు" అని మా ఆంటీకి వాళ్ళమ్మ చెప్పిందట. పోయేదాకా అదే మాట మీద ఉందట. ఖైదీ రక్తం అంటే ఇక్కడ నూరేళ్ళ పాటు అదో మచ్చ. పెళ్ళి సంబంధాలకి అడ్డం, ఉద్యోగాలకి అడ్డం. 1970ల తర్వాత గాలి తిరిగి, ఇప్పుడు "మా ఇంట్లోనూ ఒక ఖైదీ ఉన్నాడు" అని గొప్పగా చెప్పుకుంటున్నారు. అయినా ఓ సంగతి గమనించాను. గుర్రం దొంగిలించిన తాత గురించి చెప్పినంత హుషారుగా, దుప్పట్లు దాచిన అమ్మమ్మ గురించి ఎవరూ చెప్పరు.

ఆంటీ వెతుకులాట వాళ్ళమ్మ పోయాక ఒక పాత పెళ్ళి కాగితంతో మొదలైంది. అందులో వధువు పుట్టిన ఊరు హోబార్ట్ అని ఉంది, సంవత్సరం 1845. హోబార్ట్ అంటే టాస్మేనియా. ఇక అక్కడి నుంచి తీగ లాగారు. టాస్మేనియా ఖైదీల రికార్డులన్నీ ఇప్పుడు ఇంట్లో కూర్చుని కంప్యూటర్లో ఉచితంగా చూడొచ్చు. ఆస్ట్రేలియా ఖైదీల రికార్డులని 2007లో యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలో కూడా చేర్చింది. చిక్కల్లా చేతిరాతే. గుమాస్తాలు కలం ఎత్తకుండా గీకిన ఇంగ్లీషు అది. తెలుగు బి.ఏ. చదివిన నాకు ఇంగ్లీషు రాత ఏం అర్థమవుతుందని అడగొచ్చు మీరు. మా తాతగారి గొలుసుకట్టు దస్తావేజులు చదివిన కళ్ళండీ ఇవి! తెలిసిన మాట ఒకటి పట్టుకుని, అందులో అక్షరాల వంకరలు గుర్తుపెట్టుకుని, మిగతా చోట్ల అవే వంకరల కోసం చూడటం. కిటుకు ఏ భాషలోనైనా ఒక్కటే. అలా నేనూ ఆవిడ పక్కన కుర్చీ వేసుకున్నాను.

మొదట దొరికింది ఒళ్ళు వర్ణన. ఖైదీ పారిపోతే పట్టుకోవడానికి రాసిపెట్టుకున్న వివరాలు. ఎత్తు నాలుగడుగుల పదకొండంగుళాలు. జుట్టు గోధుమరంగు. కళ్ళు బూడిదరంగు. మొహం మీద స్ఫోటకం మచ్చలు. పైవరసలో ముందు పన్ను ఒకటి లేదు. ఎడం చేతి మీద కాలిన మచ్చ. వయసు ఇరవై ఎనిమిది, విధవ.

ఆంటీ చాలాసేపు తన ఎడం చెయ్యి చూసుకుంటూ కూర్చున్నారు. నాకేమో కొవ్వూరు గుర్తొచ్చింది. 2015 గోదావరి పుష్కరాల్లో గోష్పాద క్షేత్రం రేవులో పిండాలు పెడుతుంటే, పురోహితుడు మూడు తరాల ఆడవాళ్ళ పేర్లు చెప్పమన్నారు. మా మామగారు రెండు చెప్పి ఆగిపోయారు. మూడో ఆవిడ, అంటే ఆయన నాన్నమ్మకి అత్తగారు, ఎవరికీ తెలీదు. అక్కడున్న పదిమందీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పురోహితుడికి ఇది రోజూ ఉండేదే కాబోలు, ఏదో ఒక నదీ పేరు చెప్పేయమన్నారు. ఆవిడ కళ్ళు ఏ రంగో, చేతి మీద మచ్చ ఉందో లేదో అడిగేవాళ్ళెవరు! బుద్ధిగా కాపరం చేసుకున్న ఇల్లాలి పేరు కూడా మిగల్లేదు. దొంగ దుప్పటి దాచిన ఇల్లాలి పన్ను సంగతి కూడా మిగిలింది.

ఇక కేసు సంగతి. లండన్‌లో ఓల్డ్ బెయిలీ అనే కోర్టు విచారణలన్నీ 1674 నుంచి 1913 దాకా అచ్చయ్యాయి, అవీ ఉచితంగా చదువుకోవచ్చు. ఈవిడ విచారణ 1837లో జరిగింది. అచ్చులో పట్టుమని ముప్పై వరసలు లేదు. వీధి చివర ఒక ఇంట్లో పనిపిల్ల సామాన్లు ఒక్కొక్కటే బయటికి చేరవేసింది. ఈవిడ ఇంట్లో దొరికాయి. ఇంటావిడ వచ్చి దుప్పట్లు గుర్తుపట్టింది.

ఎలా గుర్తుపట్టింది అంటారా? మన గిన్నెల మీద పేర్లు చెక్కించుకుంటాం చూడండి, పెళ్ళిళ్ళలో ఇచ్చే స్టీలు డబ్బా దగ్గర్నుంచి అమ్మమ్మల నాటి ఇత్తడి గంగాళం దాకా. వాళ్ళు దుప్పట్ల మూల, చొక్కాల అంచున రంగుదారంతో పొడి అక్షరాలు కుట్టుకునేవారు. చాకింటికి వెళ్ళినా, దొంగ చేతిలో పడినా ఆ అక్షరాలే సాక్ష్యం. ఈవిడ దగ్గర దొరికిన దుప్పట్లలో ఒకదానికి అక్షరాలు ఉన్నాయి. రెండోదానికి మూలన దారం పీకేసిన చిల్లులు ఉన్నాయి. జడ్జీకి కావలసింది ఆ చిల్లులే.

ఎందుకంటే ఈ నేరంలో సరుకు దొరకడం ఒక్కటే చాలదు. దొంగసొత్తని తెలిసి తీసుకుంది అని రుజువు కావాలి. దారం పీకిందంటే తెలిసినట్టే కదా అని వాదన. ఆవిడ చెప్పుకున్న మాట అచ్చులో ఒకే ఒక్క వాక్యం: ఆ పిల్ల తనకి బాకీ ఉందనీ, బాకీ కింద ఇచ్చిందనీ. ముద్దాయి ప్రమాణం చేసి తన సాక్ష్యం తాను చెప్పుకునే హక్కు ఇంగ్లండులో 1898 దాకా లేదు. ఆ ఒక్క వాక్యం వేసినందుకే సంతోషించాలి.

ఆంటీ నన్ను ఇప్పటికి పదిసార్లు అడిగి ఉంటారు, "తెలిసే తీసుకుందంటావా?" అని. తెలిసే తీసుకుందని నా అభిప్రాయం. పనిపిల్ల చేతికి రాగి కెటిలు ఎలా వచ్చిందో తెలియనంత అమాయకురాలు, ఇద్దరు పిల్లల్ని ఒంటిచేత్తో సాకుతూ లండన్‌లో అద్దెగదిలో బతకలేదు. అప్పట్లో అక్కడ బట్ట అంటే డబ్బే. సోమవారం ఉతికిన మంచి బట్టలు తాకట్టు కొట్టుకి వెళ్ళేవి, శనివారం కూలి డబ్బులు రాగానే విడిపించుకుని ఆదివారం కట్టుకునేవారు. దుప్పటి ఒంటి మీద ఉంటే దుప్పటి, తాకట్టు కొట్టులో ఉంటే వారం రోజుల రొట్టె. పాత చీరలకి స్టీలు గిన్నెలిచ్చే బండి వీధిలోకి వస్తే మన అమ్మలు అరగంట బేరమాడేవారు, పాతబట్ట విలువ తెలిసిన ఆడవాళ్ళు కాబట్టే. ఈవిడా అలాంటి మనిషే అయ్యుంటుంది. తప్పు చెయ్యలేదు అనను. పద్నాలుగేళ్ళ తప్పా అంటే, కాదు.

ఆ పద్నాలుగు ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే ఆశ్చర్యపోయాను. 1718 నాటి చట్టం ప్రకారం మామూలు దొంగకి ఏడేళ్ళ ద్వీపాంతరం, దొంగసొత్తు కొన్నవాళ్ళకి, దాచినవాళ్ళకి పద్నాలుగేళ్ళు. కొనేవాడు లేకపోతే దొంగ ఉండడు అన్నది వాళ్ళ తర్కం. తర్వాత 1827లో చట్టం మార్చినా పై హద్దు పద్నాలుగుగానే ఉంచారు. 2024 దాకా అమల్లో ఉన్న మన పాత శిక్షాస్మృతిలో 411వ సెక్షన్ ఇదే నేరానికి మూడేళ్ళ దాకా పెట్టింది, మామూలు దొంగతనానికీ మూడేళ్ళే పెట్టింది. అదీ రాసింది ఆ దొరలే, 1860లో! పద్నాలుగేళ్ళనగానే మనకి వనవాసం గుర్తొస్తుంది. రాముడికి గడువు తీరాక వెనక్కి రావడానికి దారి ఉంది. వీళ్ళకి గడువు తీరినా తిరుగు ఓడకి టిక్కెట్టు ఎవరూ కొనిపెట్టరు. నావలో పనికి కుదిరి వెనక్కి పోయే అవకాశం మగవాళ్ళకైనా ఉండేది.

ఇందులో ఆడవాళ్ళం గమనించాల్సిన మెలిక ఇంకొకటుంది. అప్పటి ఇంగ్లీషు చట్టంలో భర్త ఎదురుగా ఉండగా భార్య ఇలాంటి నేరం చేస్తే, అతని బలవంతం మీదే చేసిందని కోర్టు అనుకోవాలి. ఆ నియమం 1925 దాకా ఉంది. ఆడదానికి సొంత బుద్ధి ఉండదన్న నమ్మకంలోంచి పుట్టిన దయ అది. అదైనా భర్త పక్కన ఉన్నవాళ్ళకే. విధవకీ, మొగుడు వదిలేసిన మనిషికీ, మొగుడు పారిపోయిన మనిషికీ ఆ గొడుగు లేదు.

మొగుడు పారిపోయిన మనిషంటే యాన్ సోలమన్ కథ చెప్పాలి. ఈవిడ చరిత్రకెక్కిన మనిషే కాబట్టి పేరు రాయొచ్చు. భర్త ఐకీ సోలమన్ లండన్‌లో దొంగసొత్తు వ్యాపారంలో పేరుమోసిన వాడు. డికెన్స్ నవల ఆలివర్ ట్విస్ట్‌లో ఫాగిన్‌కి ఇతనే మూలమని చాలామంది అంటారు. 1827లో పట్టుబడి, కోర్టు నుంచి జైలుకి తీసుకెళుతుంటే దారిలో మాయమైపోయాడు. ఆ గుర్రబ్బండి తోలింది అతని మామగారే! పోలీసులకి అతను దొరకలేదు, భార్య దొరికింది. దొంగసొత్తు తీసుకుందని ఆవిడకి పద్నాలుగేళ్ళు వేసి, నలుగురు చిన్నపిల్లలతో సహా 1828లో హోబార్ట్‌లో దించారు. అప్పటికి అమెరికా ఖండం చేరుకున్న ఐకీ ఈ సంగతి విని, మారుపేరుతో ఓడెక్కి తనంతట తానే హోబార్ట్ వచ్చాడు. వచ్చి ఇల్లు కొన్నాడు, కొట్టు పెట్టాడు, నా భార్యని నా ఇంటికే పనిమనిషిగా పంపండని గవర్నరుకి అర్జీలు పెట్టుకున్నాడు. వారెంటు లేక కొన్నాళ్ళు అతన్ని ఎవరూ ముట్టుకోలేకపోయారు. చివరికి పట్టుకుని లండన్ పంపితే, 1830లో అతనికీ పద్నాలుగేళ్ళే పడి, మళ్ళీ హోబార్ట్‌కే చేరాడు.

ఇంత ప్రేమ ఉందా అని నాకూ కళ్ళు చెమర్చాయి. తర్వాత చదివితే, ఇద్దరూ కలిశాక ఒక ఇంట్లో ఇమడలేక పోట్లాడుకుని, పిల్లలు తల్లి పక్షం చేరి, చివరికి విడిపోయారు. ఆయన సాహసం పుస్తకాల్లో ఉంది. సముద్రం మీద నలుగురు పిల్లల్ని బతికించుకుని తెచ్చిన ఆవిడ సాహసం ఆ పుస్తకాల్లో ఒక వాక్యం.

మా ఆంటీ పెద్దావిడ కోసం ఎవరూ సముద్రం దాటలేదు. తొమ్మిదేళ్ళ కొడుకుని లండన్‌లో వదిలి, నాలుగేళ్ళ కూతుర్ని చంకన పెట్టుకుని ఓడెక్కింది. ఇంచుమించు నాలుగు నెలల ప్రయాణం. దిగగానే కూతుర్ని తీసుకెళ్ళి న్యూటౌన్‌లోని అనాథల బడిలో చేర్చారు. తల్లి బతికే ఉంది, రెండు కోసుల దూరంలో ఎవరింట్లోనో అంట్లు తోముతోంది. పిల్ల మాత్రం రిజిస్టరులో అనాథ. ఖైదీ తల్లుల పిల్లలందరికీ అదే ఏర్పాటు.

ఆవిడ నడవడిక పుస్తకంలో ఒక పేజీ ఉంది. పదమూడేళ్ళ జీవితానికి మూడు నేరాలు. ఒకసారి యజమానురాలికి ఎదురుచెప్పింది. రెండుసార్లు సెలవు లేకుండా బయటికి వెళ్ళింది, రెండోసారి రాత్రంతా రాలేదు. దానికి శిక్ష కాస్కేడ్స్ ఫిమేల్ ఫ్యాక్టరీలో నెల రోజులు. ఫ్యాక్టరీ అంటే మనం అనుకునేది కాదు, కొండ నీడన, ఎండ సరిగా పడని చోట కట్టిన ఆడవాళ్ళ జైలు. ఊరందరి బట్టలు అక్కడ తొట్టెల దగ్గర నిలబడి ఉతకాలి. నేరం చేసినవాళ్ళ బట్టల మీద పసుపురంగు అక్షరం కుట్టేవారు. దుప్పటి మూల అక్షరాలు పీకిందని పంపినావిడకి ఇక్కడ ఒంటి మీదే అక్షరం! ఎక్కడికి వెళ్ళిందో ఆ పేజీలో రాయలేదు. ఆంటీకి మాత్రం అనుమానమే లేదు, న్యూటౌన్ వెళ్ళి ఉంటుందంటారు. నాకూ కాదనబుద్ధి కాలేదు.

ఇలా ఓడల్లో వచ్చిన ఆడవాళ్ళు చేసిన వస్తువు ఒకటి మిగిలి ఉంది, దాని గురించి చెప్పకపోతే మీరు నన్ను క్షమించరు. ఎలిజబెత్ ఫ్రై అనే ఆవిడ జైళ్ళలో ఆడవాళ్ళ కోసం పాటుపడింది. ఆవిడ స్థాపించిన సంఘం వాళ్ళు ఓడెక్కే ఒక్కొక్కరికీ సూదులు, దారం, కత్తెర, అంగుశ్తానా, రెండు పౌన్ల గుడ్డపీలికలు ఇచ్చేవారు. 1841లో రాజా అనే ఓడలో (పేరు చూడండి!) వచ్చిన ఆడవాళ్ళు దారిపొడుగునా కూర్చుని 2,815 ముక్కలతో ఒక బొంత కుట్టారు. అది ఇప్పుడు కాన్‌బెర్రాలో నేషనల్ గ్యాలరీలో ఉంది. రంగు వెలిసిపోతుందని ఎప్పుడో గానీ బయట పెట్టరు. దాని ఫోటో పెద్దది చేసి చూశాను. కొన్ని కుట్లు అచ్చం మిషను మీద వేసినట్టున్నాయి, కొన్ని సూది పట్టడం అప్పుడే నేర్చుకున్న చేతివి. అక్కడక్కడ రక్తపు చుక్కల మరకలు కూడా ఉన్నాయట. సూది గుచ్చుకోని వేలు ఏ కాలంలో ఉంది!

మన పెద్దావిడ 1841లోనే మళ్ళీ పెళ్ళి చేసుకుంది. ఖైదీలకి పెళ్ళికి గవర్నరు అనుమతి కావాలి, ఆ అర్జీ కూడా దొరికింది. పెళ్ళికొడుకు కూడా ఖైదీయే, వడ్రంగి. ఆ మరుసటి ఏడు అనాథల బడి రిజిస్టరులో కూతురి పేరు ఎదురుగా "తల్లికి అప్పగించడమైనది" అని ఉంది. నాలుగేళ్ళప్పుడు ఇచ్చిన పిల్ల, ఎనిమిదేళ్ళప్పుడు తిరిగి వచ్చింది. 1845లో ఆంటీ ముత్తవ్వ పుట్టింది, తర్వాత ఇంకో ఇద్దరు. 1851లో శిక్ష తీరింది. ఆ ఏడే విక్టోరియాలో బంగారం బయటపడింది, టాస్మేనియా జనం సగం ఇటు పరుగెత్తారు. వీళ్ళూ వచ్చారు. టాస్మేనియా ఖైదీలు రాకుండా విక్టోరియా వాళ్ళు 1852లో చట్టమే చేసుకున్నారు. శిక్ష పూర్తయిన కాగితం చేతిలో ఉంది కాబట్టి వీళ్ళకి ఇబ్బంది లేకపోయి ఉంటుంది. ఎక్కడి నుంచి వచ్చారో నోరెత్తి చెప్పకూడదన్న అలవాటు మాత్రం అప్పుడే మొదలై ఉంటుందని నా ఊహ.

చివరగా కొన్నది ఆవిడ మరణ పత్రం. విక్టోరియా మరణ పత్రాలు మన ఊళ్ళో కాగితాల్లాంటివి కావు. తల్లిదండ్రులెవరు, ఎక్కడ పుట్టారు, పెళ్ళిళ్ళు ఎన్ని, ఈ దేశానికి వచ్చి ఎన్నేళ్ళయింది, పుట్టిన పిల్లలందరి పేర్లు వరసగా వయసులతో సహా అన్నీ రాస్తారు. ఇది రాయించింది ఆంటీ ముత్తవ్వ, హోబార్ట్‌లో పుట్టిన పిల్ల. పుట్టిన ఊరు లండన్ అని చెప్పింది. మొదటి పెళ్ళి సంగతీ చెప్పింది. పిల్లల గడిలో పేర్లు ఐదున్నాయి. చివరి మూడూ ఇక్కడ పుట్టినవాళ్ళవి. వాళ్ళకి పైన అనాథల బడి నుంచి వచ్చిన అక్క. అందరికంటే పైన, మొట్టమొదటి వరసలో, లండన్‌లో వదిలేసి వచ్చిన పిల్లాడి పేరు. మిగతా వాళ్ళందరికీ వయసులు ఉన్నాయి. అతని పేరు పక్కన "తెలియదు" అని రాసి ఉంది.

ఆంటీ ఆ కాగితం నాకు ఇచ్చి చదవమన్నారు. ఈసారి రాత స్పష్టంగానే ఉంది, ఆవిడకీ కనబడుతూనే ఉంది. అయినా పైకి చదివాను, ఐదు పేర్లూ.